ఐసీయూలో మనిషి పోయాక బయటికొచ్చి ఎలా చెప్పాలి? మాకెవరూ నేర్పలేదు

రెండో_ఏడు_పీజీ:

జనరల్ మెడిసిన్ పీజీ, రెండో ఏడాది. ప్రభుత్వ ఆసుపత్రి. ప్రస్తుతం ఐసీయూ పోస్టింగ్. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి గొట్టం) వేయడం, ఊపిరికి గొంతులో ట్యూబ్ వేయడం, వెంటిలేటర్ సెట్టింగులు, అన్నీ ఎవరో ఒక సీనియర్ పక్కన నిలబడి నేర్పారు. పేషెంట్ పోయాక తలుపు తీసుకుని బయటికెళ్లి అటెండెంట్లకు చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు. "వెళ్లి చెప్పేసి రా" అంటారు, అంతే.

మొన్న రాత్రి పురుగుల మందు కేసు ఒకటి పోయింది. కుర్రాడు, పెళ్లి కూడా కాలేదు. వరండాలో పదిహేను ఇరవై మంది ఉన్నారు. చెప్పడానికి మా కో-పీజీ వెళ్లాడు, నేను వెనక నిలబడ్డాను. "సారీ అండీ, మా ప్రయత్నం మేం చేశాం" అన్నాడు. వాళ్ల నాన్న "అయితే ఇప్పుడెట్లున్నడు సారూ?" అని అడిగాడు. ఆ తర్వాత వచ్చిన గొడవ ఇక్కడ రాయను.

ఏ మాటలు వాడాలి? గుంపుగా ఉంటే ఏం చేయాలి? చెప్పాక అక్కడే ఉండాలా, వచ్చేయాలా? ఇంకో ప్రశ్న, నవ్వకండి: సీనియర్లు ఇదంతా అయ్యాక వెళ్లి అన్నం ఎలా తింటారు?

ఓరుగల్లు_ఐసీయూ:

తమ్ముడూ, నేను అనస్థీషియా చదివి క్రిటికల్ కేర్‌లోకి వచ్చినదాన్ని. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పని. పత్తి, మిర్చి పండే ప్రాంతం. మా దగ్గర ఏ వారం చూసినా ఒకటో రెండో మంచాల మీద పురుగుల మందు కేసులే ఉంటాయి. ఆ నాన్న అడిగిన ప్రశ్న నేనూ విన్నదే.

మాటల సంగతి ముందు. "చనిపోయాడు" అని నోటితో అనాలి. "మన చేతుల్లో లేదు", "పల్స్ దొరకట్లేదు", "హార్ట్ ఆగింది" అంటే వాళ్లు మళ్లీ కొట్టుకుంటుందేమో అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. పేరు పెట్టి చెప్పు. వెళ్లేముందు కేస్ షీట్‌లో పేరు ఇంకోసారి చూసుకో, ఒకే పేరుతో ఇద్దరు పక్కపక్క మంచాల్లో ఉండటం మనకు మామూలే. వరండాలో చెప్పకు. "మీలో పెద్ద ఎవరు? నాతో మాట్లాడేది ఎవరు?" అని అడిగి ఇద్దరు ముగ్గురిని లోపలికి తీసుకురా. ఎవరిని పిలవాలో సిస్టర్‌కు నీకంటే బాగా తెలుసు. రోజంతా వాళ్లతో మందుల చీటీలు తెప్పించేది ఆమే కదా. కూర్చోబెట్టు, నువ్వూ కూర్చో. గది లేకపోతే నర్సింగ్ స్టేషన్ వెనక రెండు స్టూళ్లు చాలు. తలుపు వైపు నువ్వు ఉండేలా చూసుకో, బయట సెక్యూరిటీకి ముందే చెప్పి ఉంచు. ఇందులో సిగ్గేం లేదు. డాక్టర్ల మీద దాడులు ఆపడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం తెచ్చారు గానీ, రాత్రి రెండింటికి చట్టం వచ్చి నీ పక్కన నిలబడదు.

చెప్పాక ఆగు. చాలామంది పీజీలు అక్కడే గాభరాపడి పీహెచ్ ఇంత, పొటాషియం ఇంత అని మొదలుపెడతారు. వాళ్లకు ఆ క్షణంలో ఏదీ వినపడదు. ఏడవనీ. అడిగితే చెప్పు. అడగకపోతే "నేను ఇక్కడే ఉంటాను, పది నిమిషాల్లో మళ్లీ వస్తాను" అని చెప్పి నిజంగానే మళ్లీ వెళ్లు. రెండోసారి వెళ్లినప్పుడే అసలు ప్రశ్నలు వస్తాయి. "ఏమన్నా అడిగిండా?", "నొప్పి తెలిసిందా?" లాంటివి.

ఇదంతా ఆఖరి పావుగంట సంగతి. నా ఉద్దేశంలో ఆ పావుగంట ఎలా గడుస్తుందన్నది పేషెంట్ చేరిన రోజే సగం తేలిపోతుంది. మీ పురుగుల మందు కేసే తీసుకో. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగినవాడు మొదటి రోజు నురగలు కక్కుతూ వస్తాడు. విరుగుడు మందు అట్రోపిన్ పడగానే ఛాతీలో గుర్రు తగ్గుతుంది, మర్నాడు కళ్లు తెరుస్తాడు, అమ్మను గుర్తుపడతాడు. ఊరికి ఫోన్లు వెళ్లిపోతాయి, గండం గడిచిందని. సరిగ్గా అప్పుడే, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, కొందరికి మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. ఇంటర్మీడియట్ సిండ్రోమ్. 1987లో శ్రీలంక డాక్టర్లు ఆ పేరు పెట్టి రాశారు. అందుకే పొద్దున రౌండ్స్‌లో ఆ పేషెంట్‌ను అడగాల్సిన మొదటి మాట, "దిండు మీద నుంచి తల లేపు నాయనా." లేపలేకపోతే ట్యూబ్ సిద్ధం చేసుకో.

ఈ రెండో గండం గురించి చేరిన రోజే నాన్నకు చెప్పామనుకో. "రేపు లేచి మాట్లాడతాడు, అయినా నాలుగు రోజులు నాకు నమ్మకం లేదు, మెడ పడిపోతే మళ్లీ మిషన్ పెట్టాల్సి వస్తుంది" అని. మూడో రోజు అదే జరిగితే డాక్టరమ్మ ముందే చెప్పింది అనుకుంటాడు. చెప్పకపోతే ఆయన లెక్క వేరు: "నిన్న నాతో మాట్లాడిండు, రాత్రి వీళ్లేదో ఇంజక్షన్ ఇచ్చిర్రు, పొద్దుగాల్ల పోయిండు." ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ కనపడదు. మనం ఇవ్వని సమాచారాన్ని ఆయన తనకు తెలిసినదాంతో పూడ్చుకున్నాడు. మీ వరండాలో గొడవ ఆ రాత్రి పుట్టింది కాదనే నా అనుమానం.

కాబట్టి రోజూ ఒకే టైముకు, ఒకే మనిషికి, రెండు సంగతులు చెప్పు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, రేపు మనం దేనికోసం చూస్తున్నాం. "48 గంటలు గడిస్తే గానీ చెప్పలేం" అనే మాట మాత్రం వద్దు. వాళ్లు నిజంగా గడియారం చూసుకుని 48 గంటలకు తలుపు దగ్గర నిలబడతారు.

నేర్పలేదన్నావు కదా. నాకూ పాఠంగా ఎవరూ చెప్పలేదు, ఇద్దరు సార్లను చూసి నేర్చుకున్నాను. మేం పీజీలుగా ఉన్న రోజుల్లో వెంటిలేటర్లు ఖాళీ లేకపోతే ట్యూబ్ వేసి, చేత్తో నొక్కి ఊపిరి పంపే ఆంబూ బ్యాగ్ అటెండెంట్ చేతికిచ్చేవాళ్లం. లెక్కపెడుతూ నొక్కమని చూపించేవాళ్లం. చదివేవాళ్లకు ఘోరంగా అనిపించవచ్చు గానీ ఐసీయూ అనేది పుట్టిందే అలా. 1952లో కోపెన్‌హేగెన్‌లో పోలియో వ్యాపించినప్పుడు ఊపిరి తీయలేని పిల్లలకు గొంతులో గొట్టం పెట్టి చేత్తో గాలి పంపితే బతుకుతారని ఇబ్సెన్ అనే అనస్థటిస్ట్ ఒక పన్నెండేళ్ల అమ్మాయి మీద చేసి చూపించాడు. మిషన్లు లేవు. దాదాపు 1500 మంది మెడికల్ విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుని నెలల తరబడి బ్యాగులు నొక్కారు. వాళ్ల చేతుల్లోనే కొందరు పిల్లలు పోయారు కూడా. వాళ్లకు ఎవరు ఏం చెప్పి ఇంటికి పంపేవారో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఒక రాత్రి ఒక నాన్న కూతురికి బ్యాగ్ నొక్కుతున్నాడు. పాప గుండె ఆగింది, సీపీఆర్ (ఛాతీ నొక్కడం) చేశాం, తిరిగి రాలేదు, ఆపాలని నిర్ణయించాం. ఆయన మాత్రం నొక్కుతూనే ఉన్నాడు. ఆపమని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు మా సార్ వచ్చి ఆయన పక్కన కూర్చుని, "ఇటివ్వండి, కాసేపు నేను నొక్కుతాను" అని బ్యాగ్ తన చేతిలోకి తీసుకున్నాడు. నొక్కుతూనే పాప పేరు పెట్టి, చనిపోయిందని చెప్పాడు. అప్పుడు బ్యాగ్ కింద పెట్టాడు. తర్వాత డ్యూటీ రూమ్‌లో మాతో ఒక్కటే అన్నాడు: "ఆపిన చెయ్యి ఆయనది కాకూడదు." బ్యాగ్ అంటే గుర్తొచ్చేది నాకు అదే.

ఇంకో సార్ దగ్గర నేర్చుకున్నది కట్లపాము కేసులో. నేల మీద పడుకున్న పిల్లాడిని రాత్రి కరిచింది. వచ్చేసరికి రెప్ప లేవదు, కంటిపాప వెలుతురుకు కదలదు, చెయ్యి ఎత్తి వదిలితే పడిపోతుంది. తెలియనివాళ్లు చూస్తే బ్రెయిన్ డెడ్ అంటారు. సార్ రోజూ ఆ పిల్లాడి చెవి దగ్గర వంగి చెప్పేవాడు: "నిన్ను పాము కరిచింది, మందు పడింది, కండరాలు పని చేయట్లేదు, కొన్ని రోజుల్లో వస్తాయి, మిషన్ ఊపిరి ఇస్తోంది, భయపడకు." ఆయనకు చాదస్తం అనుకునేవాళ్లం. పిల్లాడు లేచాక మొదట అడిగింది ఏంటంటే, "ఆ రాత్రి మీరంతా బిర్యానీకి పైసలు జమ చేసిర్రు కదా, తెప్పించుకున్నరా?" అన్నీ విన్నాడు. అప్పటి నుంచి మంచం దగ్గర నేను మాట్లాడే పద్ధతి మారింది. పోయేవాళ్ల దగ్గర కూడా అంతే. మత్తులో ఉన్నా సరే, ఏం చేస్తున్నానో చెప్పే చేస్తాను. అటెండెంట్లను లోపలికి పిలిచి, ముట్టుకోండి, పిలవండి అని చెప్తాను. ఆ ఒక్కటి చేసిన కుటుంబాల్లో తర్వాత చెప్పేది మరీ అంత కష్టం కాదు.

అన్నం సంగతి. తింటాం. పక్క మంచం బీపీ పడిపోతూ ఉంటుంది కాబట్టి ముందు అది చూసి, తర్వాత తింటాం. మనసు పెట్టుకోకూడదు అని పీజీలకు ఉపన్యాసాలిచ్చే సీనియర్ల మాట నేను నమ్మను, వాళ్లు కూడా పెట్టుకుంటారు, బయటికి కనపడనివ్వరు. మా యూనిట్‌లో ఒక మరణం తర్వాత నర్సులు, పీజీలు, వార్డ్ బాయ్‌తో సహా అందరం అయిదు నిమిషాలు నిలబడి ఏం జరిగిందో మాట్లాడుకుంటాం. తప్పులు వెతకడానికి కాదు, ఎవరి తలలో ఏముందో బయటికి రావడానికి. నెలన్నర వెంటిలేటర్ మీద ఉండి పోయిన ఒక పెద్దాయన ఇంటివాళ్లు దశదిన కర్మకు నాకు కార్డు తెచ్చిచ్చారు. వెళ్లాను. విస్తరేసి పెట్టారు, వంకాయ కూర బాగుంది, తిన్నాను. మా ఆయనకు ఇప్పటికీ అది వింతే.

సిస్టర్_నైట్‌డ్యూటీ:

మేడమ్ చెప్పినదానికి రెండు చేరుస్తాను సార్. పురుగుల మందు, యాక్సిడెంట్, పాము, ఇవన్నీ మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసులకు చెప్పాల్సినవి. పోయాక ట్యూబులు, లైన్లు మేం తీయం. మామూలు కేసైతే అన్నీ తీసి, మొహం తుడిచి, దుప్పటి సర్ది చూపిస్తాం. ఇందులో నోట్లో గొట్టంతోనే చూడాల్సి వస్తుంది. ఆ సంగతి లోపలికి తెచ్చేముందే చెప్పండి. చెప్పకుండా తెస్తే "చచ్చినంక కూడా గొట్టం తీయలేదు" అని గోల అవుతుంది, అది పడేది మేం.

ఇంకోటి, వాళ్లు వెంటనే అడిగేది "బాడీ ఎప్పుడిస్తరు?" అని. మీరు తెలియదంటారు. పోలీసులు రావాలి, పంచనామా కావాలి, పోస్ట్‌మార్టం కావాలి. 2021 నవంబర్ నుంచి వసతులున్న చోట రాత్రి కూడా పోస్ట్‌మార్టం చేయవచ్చని కేంద్రం చెప్పింది, కానీ ఆత్మహత్య, హత్య లాంటి అనుమానం ఉన్నవి మామూలుగా అందులోకి రావు. కాబట్టి పొద్దున దాకా ఆగాల్సిందే అని మీరే చెప్పండి, మార్చురీ దగ్గర ఎవరో చెప్పేదాకా ఉంచకండి. ఆడవాళ్లయితే పుస్తెలు, మెట్టెలు, కమ్మలు మా రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టించి ఇస్తాం. ఆ టైములో మీరు పక్కన ఉంటే బాగుంటుంది. ఎప్పుడూ ఉండరు.

కూకట్‌పల్లి_అద్దిల్లు:

నేను డాక్టర్‌ను కాదు. నాన్నకు పోయినేడు బ్రెయిన్‌లో రక్తస్రావం అయి ఐసీయూలో పెట్టాం. అటెండెంట్ వైపు నుంచి ఒక మాట.

మూడో రోజు డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక లేవరు, మిషన్ మీద ఎన్నాళ్లుంటారో చెప్పలేను కానీ లేవరు అని సూటిగా చెప్పారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఏంటంటే, "మీ ఊరు ఏది? ఎంత దూరం?" మా బుర్రల్లో తిరుగుతున్నది అదే, నోటితో అనడానికి సిగ్గు. మేం ఉండేది అద్దింట్లో. ఇక్కడ పోతే ఓనర్ గుమ్మంలోకి రానివ్వడని మాకు తెలుసు. అమ్మకేమో నాన్న కొనఊపిరి ఉండగానే సొంతింటికి చేరాలని. డాక్టర్ గారు అదేదో వింత కోరికలా చూడలేదు. అంబులెన్స్‌లో ఎవరు వస్తారు, దారిలోనే జరిగితే ఏం చేయాలి, ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి, అన్నీ రాసిచ్చారు. నల్లగొండ దాటాక మా ఊరు. ఇంట్లో దింపాక గంటకు పోయారు, అమ్మ తులసి నీళ్లు పోసింది.

బిల్లు సంగతి వేరు, దాని మీద ఇంకో థ్రెడ్ పెట్టేంత ఉంది.

లీడ్స్_రిజిస్ట్రార్:

యూకే నుంచి. ఇక్కడ డాక్టర్లు రాసే ఎమ్మార్సీపీ పీజీ పరీక్షలో, పేసెస్ అనే ప్రాక్టికల్ భాగంలో దీనికి మార్కులుంటాయి. ఒక నటుడినో నటినో బంధువుగా కూర్చోబెడతారు, మనం చెడ్డ వార్త చెప్పాలి, ఎగ్జామినర్ పక్కన కూర్చుని చూస్తాడు. మొదట్లో నాటకంలా అనిపించింది గానీ పనికొచ్చింది. మనదేశంలో కూడా 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి ఏట్‌కామ్ అని కమ్యూనికేషన్, ఎథిక్స్ పాఠాలు పెట్టారు. పీజీ గారు ఆ ముందు బ్యాచ్ అయి ఉంటారు.

ఓరుగల్లు_ఐసీయూ:

లీడ్స్ గారూ, పరీక్ష మంచిదే, ఒప్పుకుంటాను. మీ నటుడి వెనక ట్రాక్టర్‌లో వచ్చిన ఇరవై మంది ఉండరు, అదొక్కటే తేడా.

సిస్టర్ అన్నది నిజం. గొలుసులు రాసేటప్పుడు డాక్టర్లు ఉండరు. రేపటి నుంచి మా వాళ్లకు చెప్తాను.

రెండో_ఏడు_పీజీ:

అందరికీ థాంక్స్. మేడమ్, కూకట్‌పల్లి గారి పోస్ట్ చూశాక ఒక అనుమానం. "ఇంక మిషన్ తీసేయండి" అని కుటుంబమే అడిగితే? మా దగ్గర లామా (డాక్టర్ సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం అనే కాగితం) రాయించుకుని పంపేస్తారు. చట్టం ఏమంటుంది? తీసేస్తే నా మీద కేసు పడుతుందా?

ఓరుగల్లు_ఐసీయూ:

నీ ఒక్కడి నిర్ణయంతో, నీ ఒక్కడి సంతకంతో ఎప్పుడూ తీయకు. దారి మాత్రం ఉంది. కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చిలో లివింగ్ విల్‌ను (ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రం), బాగుపడే ఆశ లేనివారికి చికిత్స ఉపసంహరించడాన్ని ఒప్పుకుంది. అప్పటి పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే ఎవరూ వాడలేకపోయారు. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. చికిత్స చేసే డాక్టర్, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు స్పెషలిస్టులు కలిసి ప్రైమరీ బోర్డు. వాళ్లు చూసి చెప్పాక, జిల్లా వైద్యాధికారి నియమించిన ఒక డాక్టర్‌తో కలిపి వేరే ముగ్గురు సెకండరీ బోర్డు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం ఒప్పుకోవాలి. తీసేముందు మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. లివింగ్ విల్ రాయనివారికి కూడా ఇదే దారి. ఎవరైనా ముందే రాసిపెట్టుకోవాలనుకుంటే ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. పాత పద్ధతిలో మేజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లాల్సి వచ్చేది.

సెకండరీ బోర్డు మా దగ్గర ఇంకా లేదు. కావాలని కాగితం పెట్టాను, తిరుగుతోంది. అది లేనంతవరకు జరిగేది నువ్వు చెప్పినదే. లామా కాగితం మీద సంతకం, అంబులెన్స్‌లో బ్యాగ్ నొక్కే కుర్రాడు, ఊరి పొలిమేర దాటాక ట్యూబ్ తీయడం. మార్ఫిన్ ఉండదు, ఆయాసం తగ్గించే మనిషి ఉండడు. కూకట్‌పల్లి గారికి దొరికిన డాక్టర్ అందరికీ దొరకడు. నాకు కోపం తెప్పించేది మరణం కాదు, ఈ ప్రయాణం. కాబట్టి పంపాల్సి వచ్చినా "వెళ్తామన్నారు, వెళ్లారు" అని చేతులు దులుపుకోకు. నొప్పికి, ఆయాసానికి ఏం చేయాలో రాసి, నీ యూనిట్ నంబర్ ఇచ్చి పంపు.

బ్రెయిన్ డెత్ అయితే ఇది వర్తించదు, కలపకు. 1994 చట్టం ప్రకారం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి నిర్ధారించాక అవయవదానం కోసం అది చట్టం దృష్టిలో మరణమే, అవయవదానం చూసే ప్రభుత్వ విభాగం జీవన్‌దాన్ వాళ్లకు తెలియజేయాలి. కుటుంబంతో అవయవదానం మాట ఎత్తేది మరణం సంగతి వాళ్లకు అర్థమయ్యాకే. రెండూ ఒకే కూర్చోవడంలో చెప్పొద్దు.

రెండో_ఏడు_పీజీ:

సరే మేడమ్. ఇవాళ రాత్రి మళ్లీ డ్యూటీ. ఏడో మంచం పేషెంట్‌కు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడం), బీపీ నిలిపే నారడ్రినలిన్ మోతాదు పెంచాల్సి వస్తోంది. రౌండ్స్ అవగానే వాళ్ల కొడుకుతో కూర్చుంటాను.

ఓరుగల్లు_ఐసీయూ:

కూర్చో. కూతురు ఉంటే ఆమెనూ పిలువు, నిర్ణయం కొడుకుదే అంటారు గానీ ప్రశ్నలు కూతురే అడుగుతుంది. ఇంకోటి, డెత్ సర్టిఫికెట్ ఫారం 4లో మరణ కారణం దగ్గర "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి వదిలేయకు. అది పోయిన తీరు, కారణం కాదు. సెప్సిస్ ఎక్కడి నుంచి మొదలైందో అది రాయి. ఇన్సూరెన్స్ వాళ్ల చుట్టూ ఆ కొడుకు ఆరు నెలలు తిరగకుండా ఉంటాడు.